గెంటివేతకు అభినందనలు

మార్లో ఫెర్రీ, అలబామా
నవంబరు 5, ఆదివారం

వెండెల్ బావకు,

మావాణ్ణి ఆటలోంచి గెంటేశారు బావా. మన కోల్బీని. నిన్న మూడో భాగంలో, పద్దెనిమిది వేలమంది కళ్లముందు, టీవీలో జనమంతా చూస్తుండగా గెంటేశారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి, సంతోషం వస్తే నా అక్షరాలు ఇంకా వంకరపోతాయి, సర్దుకుని చదువుకో.

నీకు తెలియంది కాదు. వాడు మార్లో స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరి నాలుగేళ్లయింది. నాలుగేళ్లూ బెంచీమీదే కూర్చున్నాడు. నేనూ మా ఆవిడ నోరీనూ ఒక్క ఆట వదలకుండా వెళ్లి, వాడు కూర్చోవడం చూసి వచ్చేవాళ్లం. బాగా కూర్చునేవాడు, వీపు నిటారుగా పెట్టి. ఇప్పుడు ఆలోచించు. ఒక మనిషిని ఆటలోంచి గెంటాలంటే ముందు వాణ్ణి ఆటలోకి రానివ్వాలి. లోపల లేనివాణ్ణి దేవుడు కూడా బయటికి గెంటలేడు.

జరిగిందేమంటే, వెనకవరస కాపలా కుర్రాళ్లలో ఒకడికి పిక్క పట్టేసింది. వాడి బదులు వెళ్లాల్సినవాడు హెల్మెట్ ఎక్కడ పెట్టాడో మరచిపోయాడు. కోచ్ స్ప్రేబెర్రీ బెంచీవైపు తిరిగి, "నువ్వు, అదే నువ్వు, నీ పేరేదో, వెళ్లు," అన్నాడట. వెళ్లిన మొదటి ఎత్తులోనే, అంటే బంతి ఒకసారి కదిలి ఆగేలోపు, అవతలి జట్టు ఈస్ట్ హార్లన్ కుర్రాడు గాల్లోకి లేచి బంతి అందుకుని కిందికి దిగుతుంటే, మనవాడు వెళ్లి వాడి మెడ దగ్గర తగిలాడు. బంతి జారిపోయింది. తప్పు జరిగిందని రిఫరీలు విసిరే పసుపు గుడ్డలు మూడు పడ్డాయి. ఆ కుర్రాడికి ఏమీ కాలేదులే, లేచి దులుపుకుని తర్వాత రెండు బంతులు అందుకున్నాడు.

రిఫరీలు నాలుగు నిమిషాల పదిహేడు సెకన్లపాటు మనవాణ్ణి వీడియోలో వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. టీవీలో ఆరువైపులనుంచి చూపించారు. మన వంశంలో ఎవర్నీ ఎవరూ అంతసేపు చూళ్లేదు బావా. మా నాన్న పోయినప్పుడు శవాన్ని కూడా అంతసేపు చూళ్లేదు. ఆ తర్వాత పెద్ద రిఫరీ మైకులో, "ఇరవై నాలుగో నంబరు, టార్గెటింగ్, ఆటనుంచి బహిష్కరణ," అన్నాడు. ఆ 'ఇరవై నాలుగు' ఎంత స్పష్టంగా పలికాడో, ఆయన కడుపు చల్లగుండా.

ఇవాళ చర్చిలో పాస్టరుగారు మావాడి పేరు చదివారు, రోగుల జాబితాలో చదివారనుకో, అయినా చదివారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన దాణా మిల్లు వాళ్లు రోడ్డుపక్క బోర్డుమీద అక్షరాలు మార్చారు: "కోల్బీ గ్రబ్స్ గెంటివేతకు అభినందనలు. కోడిదాణా తాజాగా వచ్చింది." నోరీన్ పీచ్ పండ్లు పెట్టి తీపి రొట్టె కాల్చింది. నేను మూడు ముక్కలు తిన్నాను.

ఫోన్ చేద్దామని చెయ్యి లాగింది. కానీ ఆ థాంక్స్‌గివింగ్ పండగనాడు మనిద్దరం ఒక ఆటగురించి అరుచుకుని భోజనాల బల్ల కూలగొట్టినప్పటినుంచీ ఎర్లీనక్క పెట్టిన ఆంక్ష ఉంది కదా. ఫోన్లో వానలూ మాత్రలూ, ఫుట్‌బాల్ మాత్రం ఉత్తరాల్లో. ఉత్తరం అరవలేదని ఆవిడ నమ్మకం. ఇది అరుస్తోంది బావా, చెవి ఆనించి చూడు.

ఆనందం పట్టలేని నీ బావమరిది
హోలిస్


పైన్ నాబ్, టెన్నెసీ
నవంబరు 9

హోలిస్,

ఉత్తరం అందింది. ముప్పై ఒక్కేళ్లు చారల చొక్కా వేసుకుని రిఫరీగా తిరిగాను. గెంటివేతకు ఒకరిని అభినందించాల్సి రావడం ఇదే మొదలు. అభినందనలు.

అయితే నీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. నీకు తెలీదో, తెలిసీ రాయలేదో. మూడో భాగమంటే ఆటలో రెండో సగం. అందులో టార్గెటింగ్ కింద గెంటేస్తే ఆ శిక్ష ఆ రోజుతో పోదు. తర్వాతి ఆట మొదటి సగం కూడా వాడు కూర్చోవాలి. వాడికి మిగిలింది ఒక్క ఆట.

అందుకని పాత మిత్రుణ్ణి అడిగి ఆ ఎత్తు తాలూకు వీడియో తెప్పించుకున్నాను. నూట పన్నెండుసార్లు చూశాను. రాత్రి భోజనంలో ఉప్పుడబ్బాను ఈస్ట్ హార్లన్ కుర్రాడిగా, మిరియాలడబ్బాను కోల్బీగా, వెన్నగిన్నెను రిఫరీగా పెట్టి మళ్లీ ఆడించాను. మీ అక్క వెన్న అడిగితే రిఫరీని కదపకూడదన్నాను. ఆవిడ పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా తీర్పు ఇది. టార్గెటింగ్ అంటే తనను కాచుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి తలమీదో మెడమీదో గురిచూసి కొట్టడం. గురి ఉండాలి. మీవాడు గురిచూడలేదు. వాడు పరిగెత్తాడు, పాదం జారింది, ఆ తర్వాత జరిగిందంతా భూమ్యాకర్షణ. భూమ్యాకర్షణకు జట్టును పదిహేను గజాలు వెనక్కి పంపొచ్చుగానీ గెంటెయ్యకూడదు.

రిఫరీలకు పెద్దయిన లీగు అధికారికి రాశాను. కుర్రాడు నా భార్య మేనల్లుడని మొదటి వాక్యంలోనే చెప్పాను. బహిష్కరణ కొట్టేస్తారనే అనుకుంటున్నాను. సంతోషిస్తావని ఆశ.

వెండెల్ టాకెట్


మార్లో ఫెర్రీ
నవంబరు 13

బావా,

నీకు నేనేం అపకారం చేశాను? మా అక్కను ఇచ్చాను. పెళ్లిలో నీ కారు బురదలో దిగబడితే తోశాను.

జారాడంటావా. పద్దెనిమిది వేలమందిలో ఏ ఒక్కడికీ కనపడని జారుడు, అయిదువందల మైళ్ల అవతల మిరియాలడబ్బాకు కనపడిందా?

కాలేజీ వాళ్ల లెక్కల పుస్తకంలో మావాడి పేరుకెదురుగా ఏముందో చెప్తాను విను, నేను వెళ్లి చూసొచ్చాను. ఆడిన ఆటలు ఒకటి. పడగొట్టినవాళ్లు సున్న. ఎందుకంటే బంతి జారిపోయింది గనక ఆ కుర్రాడు పడ్డా పడినట్టు కాదట. గెంటివేతలు ఒకటి. ఆ చివరి ఒకటి నువ్వు చెరిపేస్తే వాడు నాలుగేళ్లు ఏం చేసినట్టు? తర్వాతి ఆటలో సగం కూర్చోవాలంటావు. నాలుగేళ్లు కూర్చున్నవాడు ఇంకో సగం కూర్చోలేడా? కూర్చోవడంలో వాడికున్న అనుభవం ఆ జట్టులో ఇంకెవడికుంది?

అందుకే నేనూ లీగు పెద్దకు రాశాను, నువ్వే రాయగలవనుకోకు. నకలు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"అయ్యా, నేను ఇరవై నాలుగో నంబరు తండ్రిని. పదకొండో వరసలో కూర్చుని జరిగినదంతా కళ్లారా చూశాను. మా అబ్బాయి జారలేదు. గురిచూసే కొట్టాడు. ఏడో ఏటనుంచీ పెరట్లో దాణాబస్తా వేలాడదీసి వాడికి గురి నేర్పింది నేనే. చాలా మంచి గురి. మీ రిఫరీలు చేసింది న్యాయం. వాళ్లకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. దయచేసి శిక్షను అలాగే ఉంచగలరు."

పోస్టులో వేసి వచ్చాకగానీ నా మనసు కుదుటపడలేదు.

ఇంకో సంగతి. అడవిపందులు స్టేడియంలో పడి నలభై గజాల పచ్చిక దున్నేశాయి. మళ్లీ పరవాలట. అందుకని ఆఖరి ఆటను డిసెంబరు 9కి జరిపారు. పందులకు కూడా నీకున్నంత పగలేదు బావా, అవి వాయిదా మాత్రమే వేశాయి.

హోలిస్


పైన్ నాబ్
నవంబరు 17

హోలిస్,

నువ్వు ఏం చేశావో నీకు తెలిసినట్టు లేదు.

లీగు పెద్ద నా మాటతో ఏకీభవించి బహిష్కరణ కొట్టేస్తూ కాగితం టైపు చేయించాడు. సంతకం పెట్టబోతుండగా నీ ఉత్తరం వచ్చిందట. ఆయన ఫోన్ చేసి, "వెండెల్, ప్రత్యక్షసాక్షి ఉన్నాడు, అదీ తండ్రి, ఏడో ఏటనుంచీ శిక్షణ ఇచ్చాడట," అన్నాడు. రిఫరీని తిట్టే తండ్రుల్ని వేలల్లో చూశాను. ఒకాయన నామీదికి మడతకుర్చీ విసిరాడు. రిఫరీకి కృతజ్ఞతలు రాసిన తండ్రి ఈ భూమ్మీద నువ్వొక్కడివే. ఆ ఉత్తరాన్ని వాళ్ల ఆఫీసులో గోడకు అంటించారట.

నేను పగతో చేశానంటున్నావు కనక చెప్తాను. ఎనభై ఎనిమిదిలో ఒక ఆటలో ఒక కుర్రాణ్ణి ఇంకొకడు గురిచూసి తలతో తలమీద కొట్టాడు. నా ఎదురుగానే. దెబ్బతిన్నవాడు ఇరవై నిమిషాలు పచ్చికమీద కదలకుండా పడుకున్నాడు. అప్పట్లో ఈ నిబంధన లేదు. నేను జేబులో గుడ్డ పట్టుకుని నిలబడ్డాను, తీయలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు బతికాడు, తర్వాత ఎక్కువ చదువుకోలేకపోయాడు. అందుకే ఈ నిబంధన అంటే నాకు గౌరవం. జారిపడ్డవాణ్ణి కూడా గురిచూసినవాడి లెక్కలో వేస్తే, రేపు నిజంగా గురిచూసినవాణ్ణి గెంటినప్పుడు ఎవరూ నమ్మరు.

నీ సంతోషం నాకు అర్థమైంది. అది అబద్ధంమీద నిలబడకూడదనే నా బాధ.

వెండెల్


మార్లో ఫెర్రీ
నవంబరు 22

బావా,

నువ్వు ఉత్తరం చదువుతున్నప్పుడు కూర్చునే ఉన్నావా? కూర్చో. నేనూ కూర్చునే రాస్తున్నాను.

మావాడి స్థానంలో రోజూ ఆడే కుర్రాడు జింకలవేటకు వెళ్లి, చెట్టుమీద కట్టిన పీట ఊడి కింద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. జింకకేమీ కాలేదు. హెల్మెట్ మరచిపోయినవాడున్నాడే, వాడు ఈసారి పరీక్షకు వెళ్లడం మరచిపోయాడు, వాణ్ణి ఆడనివ్వరు. ఇక వెనకవరసలో మిగిలింది మావాడూ, ఈ ఏడే చేరిన ఒక పిల్లకాయా.

నిన్న కోచ్ స్ప్రేబెర్రీ స్వయంగా మా ఇంటికొచ్చాడు. వంటింట్లో కూర్చుని నోరీన్ కోడిపులుసులో ఉడకేసిన పిండిముద్దలు రెండు పళ్లేలు తిన్నాడు. మావాణ్ణి "కోల్బీ" అని పేరు పెట్టి పిలిచాడు బావా, పేరు పెట్టి. లీగువాళ్లు శిక్ష కొట్టేస్తే మొదటి నిమిషంనుంచి చివరి నిమిషందాకా మావాడే ఆడతాడట. కొట్టెయ్యకపోతే ఆ పిల్లకాయను దించుతారట, ఒకసారి దించాక మధ్యలో మార్చరట. అంటే సగం కాదు, మొత్తం పోతుంది. వాడి ఆఖరి ఆటలో కూడా బెంచీయే.

ఆయన వెళ్లాక కోల్బీ పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. నేను లీగుకు రాసిన ఉత్తరం నకలు అక్కడే అంటించి ఉంది. అది నా గొప్పకోసం నేనే అంటించుకున్నాను. వాడు అక్కడే నిలబడి చదివాడు. పాలు తీసుకోలేదు.

"నాన్నా, నేను జారాను," అన్నాడు.

"మీ మామయ్య కూడా అదే అంటున్నాడు. నూట పన్నెండుసార్లు చూశాడట," అన్నాను.

"నువ్వో?"

కోళ్లకు దాణా వెయ్యాలని చెప్పి నేను బయటికి వెళ్లిపోయాను. మాకిప్పుడు కోళ్లు లేవు బావా.

ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. ఎలా తీసుకోవాలో చెప్పు. వాడు జారాడని రాయమంటే రాస్తాను, ఈదాడని రాయమన్నా రాస్తాను. నీ కాళ్లు పట్టుకుంటాను. నీ కాళ్లకు వాతమని తెలుసు, మెల్లగా పట్టుకుంటాను.

హోలిస్


పైన్ నాబ్
నవంబరు 25

హోలిస్,

ఏది రాయమంటే అది రాస్తానన్న మాట ఇంకెవరితోనూ అనకు. దాన్ని కూడా గోడకు అంటిస్తారు.

లీగు పెద్దతో మాట్లాడాను. సాక్షికి ఇప్పుడు బాధగా ఉందని సాక్ష్యాన్ని పక్కన పెట్టలేనన్నాడు. ఆ సాక్ష్యం తప్పయితే ఎందుకు తప్పో, ఎలా తప్పో, నువ్వే రాసి సంతకం చేసి పంపాలి. శుక్రవారం లోపల అందాలి. అందుకని అడుగుతున్నాను, రిఫరీగా అడుగుతున్నాననుకో. ఆ ఎత్తు మొదలైనప్పుడు కోల్బీ ఏ గీత దగ్గర నిలబడ్డాడు? ఏ పాదం జారింది, కుడా, ఎడమా? పదకొండో వరసనుంచి ఆ మూల కనిపిస్తుందా? నీ పక్కన ఎవరున్నారు?

నీకు కోళ్లు లేవన్న సంగతి నేను రెండుసార్లు చదివాను.

నిన్న మీ అక్క నోరీన్‌తో ఫోన్లో నలభై నిమిషాలు మాట్లాడింది. దేనిగురించి అంటే, వానగురించి అంది. ఇక్కడ మూడు వారాలుగా వాన లేదు, అక్కడా లేదు. ఫోన్ పెట్టేసి నావైపు చూసి, "హోలిస్‌ని అడగండి, చెప్తాడు," అంది.

అడుగుతున్నాను.

వెండెల్


మార్లో ఫెర్రీ
నవంబరు 28

బావా,

కుడి పాదమో ఎడమ పాదమో నాకు తెలీదు. నేను చూళ్లేదు.

రాసేశాను. ఇక మిగతాది తేలిక.

వాడు చేరినప్పటినుంచి నలభై ఆరు ఆటలు. ఎండలో కూర్చున్నాను, వడగళ్లలో కూర్చున్నాను, నా మూత్రపిండంలో రాయి ఉన్నప్పుడు దిండు వేసుకుని కూర్చున్నాను. ఒక్క ఎత్తుకు కూడా కళ్లు పక్కకు తిప్పలేదు. ఏమో, ఇప్పుడు పిలుస్తారేమో, ఇప్పుడు లేస్తాడేమో అని. ఆ రోజు మూడో భాగంలో మనవాళ్లు ముప్పై ఒకటికి సున్నతో ఓడిపోతున్నారు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెస్తానని లేచాను. నలభై ఆరు ఆటల్లో మొదటిసారి లేచాను బావా.

కొట్టు మేం కూర్చునే గట్టు కిందుంది. నా ముందు ముగ్గురే ఉన్నారు. నా వంతు వచ్చింది. "కారంవా, మామూలువా?" అని ఆ పిల్ల అడిగింది. నేను "కారంవి" అన్నాను. సరిగ్గా అప్పుడే పైన పద్దెనిమిది వేలమంది ఒక్కసారి "ఓ" అన్నారు.

పరిగెత్తాను. నా పరుగు నీకు తెలుసు. ఎక్కే దారినిండా బ్యాండువాళ్లు నిలబడి ఉన్నారు, ఒక్కో ట్యూబా బూర దూడంత ఉంది. సందు లేదు. ఒక ట్యూబా అమ్మాయి వెనక్కి తిరిగి, "ఎవరో ఇరవై నాలుగట తాతగారూ, గెంటేస్తున్నారు," అంది. వాడు మా అబ్బాయి అన్నాను. అయ్యో, సారీ అంది. ఎందుకమ్మా సారీ అని నేను ఆ ట్యూబాను కావిలించుకున్నాను. నాలుగు నిమిషాల పదిహేడు సెకన్లూ నేను దాన్ని పట్టుకునే ఉన్నాను. మైకులో చెప్పింది విన్నాను. అంతే, విన్నాను.

పైకి వెళ్లేసరికి వాడు బెంచీమీద ఉన్నాడు, ఎప్పట్లాగే. నోరీన్ నన్ను చూసి, "చూశావా?" అంది. చూశానన్నాను. ఆవిడ నా చేతిలోని పొట్లంవైపు చూసి, ఒక కాయ తీసుకుని వలుచుకుంది. నలభై నాలుగేళ్ల కాపురం.

ఆ తర్వాత టీవీలో వచ్చిందంతా నేనూ చూశాను. నువ్వు నూట పన్నెండుసార్లయితే నేను అంతకు రెట్టింపు. జారాడని నాకు పదోసారికే తెలిసింది. కానీ బావా, వాడు నిజంగా గురిచూసి కొట్టి ఉంటే అది పెద్ద సంగతి, నేను చూడకపోయినా పుస్తకంలో ఉంటుంది, జనం చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటాను. ఉత్త జారుడే అయితే అది చూసినవాళ్లకే మిగులుతుంది. నాకు మిగలదు. అందుకని వాడిమీద గురి కట్టబెట్టాను. వాడి ఆఖరి ఆటకే ఎసరు పెట్టాను.

ఇవాళ పొద్దున కోల్బీకి చెప్పాను.

"కారంవేనా?" అన్నాడు.

"అవున్రా."

"పోనీలే నాన్నా. మామూలువైతే క్షమించేవాణ్ణి కాదు."

ఆ మాట అని నా భుజంమీద కొట్టాడు. గురి చూసే కొట్టాడు, ఇంకా నొప్పిగా ఉంది.

ఇంకో కాగితంమీద లీగుకు రాసి సంతకం చేశాను. నోరీన్ సాక్షి సంతకం పెట్టింది. పొట్లం సంగతీ, ట్యూబా సంగతీ, పెరట్లో దాణాబస్తా వేలాడదీసిన మాట నిజమేగానీ దానికి మావాడు ఒక్కసారి కూడా తగల్లేదన్న సంగతీ, అన్నీ రాశాను. నాకు సిగ్గు లేదు. ఉంటే ఆ కొట్టు దగ్గరే పడిపోయి ఉంటుంది.

హోలిస్


పైన్ నాబ్
డిసెంబరు 4

హోలిస్,

కొట్టేశారు. కోల్బీ మొదటి నిమిషంనుంచి ఆడొచ్చు. కాగితం కోచ్‌కు ఈపాటికి అంది ఉంటుంది. పుస్తకంలోంచి ఆ గెంటివేత కూడా తీసేస్తారు. అది నీకు కష్టమని తెలుసు.

నీ వాంగ్మూలాన్ని లీగు పెద్ద ఆఫీసులో అందరినీ పిలిచి చదివి వినిపించాడట. తర్వాత నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, సాక్షి ఆ కాయలు తిన్నాడా అని. విచారణకు సంబంధం లేని ప్రశ్న అని జవాబిచ్చాను. నాకు కూడా తెలుసుకోవాలని ఉంది.

నేనూ ఒకటి చెప్పాలి. నేను నూట పన్నెండుసార్లు చూసింది న్యాయంకోసమే అని రాశాను. మొదటి పదిసార్లే న్యాయంకోసం. మిగతావి వాడు పరిగెత్తడం చూడటానికి. పిల్లవాడు బాగా పరిగెత్తుతాడు హోలిస్. జారేదాకా చాలా బాగా పరిగెత్తాడు.

వాయిదాపడ్డ ఆట కాబట్టి టీవీవాళ్లు రావడంలేదట. మీ అక్క మోకాలితో మేం ప్రయాణం చెయ్యలేం. మా వైపు వాళ్లెవరికీ చూసే దారి లేదు. కాబట్టి చూడాల్సినవాడివి నువ్వే. కూర్చో. లేవకు.

వెండెల్


మార్లో ఫెర్రీ
డిసెంబరు 10

బావా,

చూశాను. మొత్తం చూశాను. డెబ్బయి మూడు ఎత్తులు ఆడాడు, డెబ్బయి మూడూ చూశాను. విరామంలో కూడా లేవలేదు. డెబ్బయి ఒకటి దాటినవాడికి అదెంత కష్టమో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఓటమి చెప్పేస్తాను. ముప్పై ఎనిమిదికి ఆరుతో ఓడిపోయాం. పందులు దున్నినచోట వేసిన కొత్త పచ్చిక చాపలా లేచి వస్తుంటే, మనవాళ్ల బంతి మోసేవాడు రెండుసార్లు దానికిందికి దూరిపోయాడు. అదంతా ఎవడికి కావాలి. మావాడు తొమ్మిదిమందిని పడగొట్టాడు బావా. తొమ్మిది. పుస్తకంలో రాసేదాకా రాసేవాడి పక్కనే నిలబడ్డాను, ఆట అయ్యాకే లేచాను, అనుమానపడకు.

వాటిలో ఒకటి చెప్తాను. నాలుగో భాగం. అవతలివాళ్ల బంతి మోసేవాడు మా ఫ్రిజ్ అంత ఉన్నాడు, తలుపు తీసిన ఫ్రిజ్. అందర్నీ విదిలించుకుని వస్తున్నాడు. ఎదురుగా మావాడొక్కడే. నోరీన్ నా చెయ్యి పట్టుకుంది. మావాడు జారలేదు. తల పైకెత్తి, భుజం ముందుకు పెట్టి, రెండు చేతుల్తో వాడి నడుము చుట్టేసి కూర్చోబెట్టాడు. నీ నిబంధనల పుస్తకంలో బొమ్మ వెయ్యాలంటే ఆ బొమ్మే వెయ్యాలి. అప్పుడు పక్కనున్న రిఫరీ చెయ్యి జేబువైపు వెళ్లింది. నా ప్రాణం పోయింది. ఆయన చేతిరుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. చలి మరి. ఆ చీదుడంత తీయటి చప్పుడు నా జన్మలో వినలేదు.

ఆట అయ్యాక కోల్బీ కంచె దగ్గరికొచ్చాడు. మోకాళ్లనుంచి గడ్డందాకా మట్టి.

"ఎన్ని చూశావు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. గొంతు రాలేదు, రెండో భాగంలోనే పోయింది. తొమ్మిది వేళ్లు చూపించాను. వాడు లెక్కపెట్టుకున్నాడు, ఒక్కొక్క వేలూ ముట్టుకుని మరీ లెక్కపెట్టుకున్నాడు.

ఇంకా గొంతు రాలేదు. డాక్టరు వారం మాట్లాడొద్దన్నాడు. టీవీలో రాలేదు, కనక మనం చెప్తే తప్ప ఎవరికీ తెలీదు. అందుకని నీ వైపున్న మనవాళ్లందరికీ నువ్వే చెప్పాలి బావా, ఇది రిఫరీ పని అనుకో. ముందు మా పెదనాన్న కొడుకు డెల్బర్ట్‌కి చెప్పు. కోల్బీ కూర్చుని కూర్చుని బెంచీకి చెట్టులా వేళ్లు దిగాయన్నది వాడే. భోంచేస్తున్నప్పుడు చెప్పు. వాండా వదినకు ఆట తెలీదు, తొమ్మిది అని మాత్రం చెప్పు, పదికి తొమ్మిది అనుకుంటుంది, అనుకోనీ. రెక్సుకీ రాయికీ విడివిడిగా చెప్పాలి, కవలలైనా మాట్లాడుకోరు కదా, ముందు ఎవరికి చెప్పావో ఇద్దరికీ చెప్పకు. ఆల్టన్ అన్నయ్యకు వినపడదు, కాగితంమీద రాసి చూపించు, తొమ్మిది కింద గీత గియ్యి. కరెంటాఫీసులో పనిచేసే మన జూనియాకు చెప్తే ఆ కొండ మొత్తానికి చెప్పినట్టే, కానీ దానికి చివర్లో చెప్పు, లేకపోతే నీకు చెప్పడానికి ఎవరూ మిగలరు. ఎర్లీనక్కకు చెప్పక్కర్లేదు, ఈ కవరు చింపేది ఆవిడే. ఇక లూడీ పిన్ని. వృద్ధాశ్రమంలో ఉంది, చెప్పింది అయిదు నిమిషాల్లో మరచిపోతుంది, కోల్బీ ఎవరని కూడా అడుగుతుంది. ఆవిడ దగ్గర కాస్త తీరికచేసుకుని కూర్చో. రెండుసార్లు చెప్పు. రెండుసార్లూ కొత్తగానే సంతోషిస్తుంది.

హోలిస్